దేవకి సీసా

"గొప్పలు చెప్పుకునే మనిషిని కాదప్పా నేను," అంటూ మొదలుపెట్టాడు నాగలింగం, తిరుత్తణి స్టేషను ముందర కేశవన్ టీ అంగట్లో బెంచీ మీద కాళ్లు ముడుచుకుని. "మెడ్రాసు కాలేజీ ల్యాబులో సీసాలు కడిగే ఉద్యోగం నాది. యాభై ఆరులో మా దేవకికి ఆరేండ్లు, బొక్కలు తేలిపోయినాయి. చేపనూనె కడుపులో నిలిస్తేనే బిడ్డ దక్కుతుందని డాక్టరు చెప్పేసినాడు. నాలిక్కి నూనె తగిలితే చాలు, కక్కేసేది. ఏం చేసేది?

అప్పుడే ల్యాబుకు ఒక మిషను వచ్చింది. దాని శబ్దం మన చెవికి వినపడదు. నూనె, నీళ్లు పోసి, చిటికెడు మెత్తటి మట్టిపొడి వేసి ఆడిస్తే పాలమాదిరి కలిసిపోవాల. ఎట్లంటావా? శబ్దానికి నూనె కంటికానని బొట్లయిపోతుంది. ఒక్కో బొట్టు చుట్టూ మట్టిరేణువులు కాపలా కూచుంటాయి, ఇంకో బొట్టును దగ్గరికి రానీయవు. ప్రొఫెసరయ్యకు మాత్రం రెండు నిమిషాలకే విడిపోతా ఉండె. నేను పోయి మిషను మీద ఇట్లా చెయ్యి పెట్టినాను, నూనె విడిపోకుండా నిలిచిపోయింది!"

"చెయ్యి పెడితేనా?" అన్నాడు కేశవన్.

"ఆమా, ఈ చెయ్యే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వినపడని శబ్దానికి తిరునిన్రవూరు దాకా ఉండే కుక్కలన్నీ వచ్చి ల్యాబు ముందర వరసగా కూచున్నాయి. ప్రొఫెసరయ్య నన్ను 'నాగలింగం గారూ' అనేసినాడు. మిషను భుజానేసుకోని నడిచిపోయి ఆరణి ఏట్లో దించినాను, రెండు గానుగల నూనె పోసినాను, ఏరు ఏరంతా తెల్లగైపోయింది. ఊరోళ్లు కుండలతో ముంచుకోనిపోయి తోడుపెట్టుకున్నారు!"

"పెరుగైందా మామా?" అడిగాడు కేశవన్.

"గడ్డపెరుగు! ఆర్నెల్లు పులవలే. తిరుత్తణి ఆంధ్రాకా మెడ్రాసుకా అని ఇద్దరు ఆపీసర్లు కొట్లాడతా వస్తే, ఇద్దరినీ ఆ ఏట్లోనే ముంచినాను. పైకి తేలేటప్పటికి ఎవరు ఎవరో వాళ్ల పెండ్లాలకే తెలీలేదు."

అంగట్లో ఉన్న మేమంతా గొల్లున నవ్వాం.

"ఆ ఏట్లోనించే ఒక సీసా పట్టుకొచ్చి దేవకికి తాపినాను. గటగటా తాగేసింది. మూతి తుడుచుకోని, 'నాయనా, ఇంకొంచెం' అనింది. ఆ వారమే కొండమీది గుడికి పోతిమి. నేను సగం మెట్లెక్కేలోపలే పైనించి పిలస్తా ఉంది, నాయనా, నాయనా అని..."

దేవకి సంగతి తెలిసిన మాకెవరికీ ఇప్పుడు నవ్వు రాలేదు. బెంచీ చివర కూర్చున్న మునుస్వామి వినలేకపోయాడు. కొండ కింద పెళ్లిళ్లకు నాదస్వరం ఊదేవాడు, నాగలింగానికి మేనల్లుడు.

"చాలు మామా. మిషను మెడ్రాసులోనే ఉండె, మన ఊరికి యాడొచ్చింది? మట్టిపొడికి బదులు మా ఇంట్లోనించి కొండ విభూతి తీసుకుపోతివి. శబ్దమే కదరా కావాల్సింది, ఊదరా అని నన్ను నూనె, నీళ్లు పోసిన సీసా ముందర కూచోబెడితివి. పెదాలు పగిలేదాకా ఊదినాను. నూనె నూనెగానే తేలింది."

నాగలింగం టీ గ్లాసు కింద పెట్టాడు.

"తెల్లగైంది కదరా? కొంచేపన్నా?"

"నువ్వు చేత్తో ఊపినంతసేపూ తెల్లగానే ఉండింది మామా. దేవకి పోయినాక కూడా ఊపుతానే ఉంటివి. నేనే సీసా గుంజుకున్నాను."