మామగారి పద్యం

ఉగాది వెళ్ళిన ఆదివారం, సాయంత్రం. వై టూ కే గండం గడిచి మూడు నెలలైంది. సింగపూర్, హౌగాంగ్‌లో ప్రోగ్రామర్ ఉదయ్‌కిరణ్ ఫ్లాట్. వంటగదిలో అతనూ, భార్య అరుంధతీ. అద్దెకుంటున్న బ్రెజిల్ ఆర్టిస్టు డూడా గది తలుపు మూసి ఉంది.

“తెలుగు అసోసియేషన్ కావ్యశ్రీ ఫోన్ చేసి చెప్తే తెలిసింది. ఇవాళ్టి ఉగాది ప్రోగ్రాంలోంచి డూడా పద్యం తీసేశారటండీ. తీసేశారట.”

“నెమ్మదిగా మాట్లాడు. లోపలికి వినపడుద్ది.”

“మీకు తెలుసా?”

“ఏంటి?”

“తీసేసినట్టు.”

“పులిహోర డబ్బాలో సర్దావా? మనం కాస్త ముందే వెళ్ళాలి హాలుకి.”

“పులిహోర సంగతి ఎవరడిగారిప్పుడు? ఇది సెక్రటరీ పరంధామయ్య అంకుల్ పనే. మొన్న రిహార్సల్లో అడిగారుగా, మీ ఇంట్లో ఉండేది ఆడా మగా, గ్రీన్‌రూమ్ ఎటువైపు ఇవ్వాలమ్మా అని. రెండూ కాదంకుల్, డూడా డూడానే, వచ్చారు తిన్నారు అని మర్యాదగా అనండి చాలు అన్నాను. నవ్వేసి ఊరుకున్నారు. మనసులో ఇంత పెట్టుకున్నారన్నమాట పెద్దమనిషి.”

“అసోసియేషన్ అన్నాక సవాలక్ష ఉంటాయి అరుంధతీ. టైము చాలక తీసేసుంటారు.”

“పిల్లల సినిమా డాన్సులన్నిటికీ చాలిన టైము ఒక్క పద్యానికి చాల్లేదా? ఆ ఫోనిలా ఇవ్వండి, ఆయన్తోనే తేల్చుకుంటాను.”

“ఇప్పుడు హాల్లో ఉంటారు. ఎత్తరు.”

“సెల్ ఉందిగా.”

“ఛార్జింగ్ అయిపోయుంటుంది.”

“ఆయన సెల్లు సంగతి మీకెలా తెలుసు?”

“ఉంటుందేమో అన్నాను. వదిలెయ్ అరుంధతీ. పండగ పూట గొడవెందుకు?”

“వదిలెయ్యాలా? ఇవాళ లిమ్ మేడమ్ వస్తున్నారండీ, ఆ పెద్ద నాటకం డైరెక్టరు. చిన్నప్పుడే వాళ్ళ దేశంలో టీవీ సీరియల్ చేసి పేరు తెచ్చుకున్న మనిషి డూడా. పెద్దయ్యాక మీసం అతికించుకుంటేనే వేషమన్నారట. అక్కర్లేదని ఓడెక్కి, పాటలు పాడుకుంటూ ఇక్కడ దిగితే, గౌనేసుకుంటేనే మైకిస్తామన్నారు హోటల్ వాళ్ళు. రోజూ గౌనేసుకుని పాడొచ్చి, ఆ సింకు దగ్గర మొహం రుద్ది రుద్ది కడుక్కుంటుంటే నేను చూళ్ళేను. మీసమూ వద్దు, గౌనూ వద్దు, నువ్వు నువ్వుగానే నాటకమంతా మొయ్యి అన్న మొదటి మనిషి ఆవిడ. తనది కాని భాషలో, కొత్త జనాన్ని పాటతో కూర్చోబెట్టగలరో లేదో ఇవాళ చూసి తేల్చేస్తానన్నారు.”

“ఇంకో రోజు చూపించొచ్చుగా.”

“ఇంకో రోజు లేదు. ఇవాళ కాకపోతే వేరేవాళ్ళకే. నిన్న రాత్రి అన్నాల దగ్గర మీకిదంతా చెప్పానుగా.”

“చెప్పావు. నేను మాట్లాడింది అంతకు ముందు.”

“ఎవరితో మాట్లాడారు?”

ఉదయ్‌కిరణ్ పులిహోర గిన్నె మీద మూత సర్దాడు. అది సరిగ్గానే ఉంది.

“ఎవరితోనండీ?”

“అంకుల్ తప్పేం లేదు. డూడాకి జ్వరం, పాడలేరు అని నేనే చెప్పాను.”

“మీరా?”

“నేనే.”

“జ్వరం ఎప్పుడొచ్చింది డూడాకి?”

“రాలేదు.”

“మరెందుకు? ఎందుకు చెప్పారు?”

“నువ్వు నేర్పిన పద్యం ఎవరిది?”

“మామగారిది. పెళ్ళైన కొత్తల్లో నన్ను కూర్చోబెట్టి ఆయనే నేర్పారు. అయితే?”

“నాన్న నాటకాల్లో రాణి వేషం కట్టి ఆ పద్యం ఎత్తుకుంటే తెనాలి చుట్టుపక్కలంతా వన్స్‌మోర్లు. తెల్లారి నేను బడికెళ్తే, రాణిగారబ్బాయొచ్చాడ్రా అని కుచ్చిళ్ళు పట్టుకున్నట్టు నడిచి చూపించేవాళ్ళు. క్యారేజీ విప్పకుండానే ఇంటికి తెచ్చేవాణ్ణి. మొన్న రిహార్సల్లో డూడా చెయ్యి అలా తిప్పి రాగం తీశారు చూడు, అచ్చం నాన్నే. వెనక మా ఆఫీసువాళ్ళిద్దరు నవ్వారు. హాలంతా నవ్వితే ఎలా అనిపించింది.”

“నవ్వితే నవ్వేది డూడాని. మిమ్మల్ని కాదుగా.”

“తెలుసు.”

“మామగారు ఆ నవ్వులన్నీ విననట్టే పాడారు. డూడా కూడా పాడేవాళ్ళు. మధ్యలో మీకేం వచ్చింది?”

“తెలుసంటున్నానుగా. ఆ మాట అన్న దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగట్లేదు. నిన్న నువ్వు లిమ్ మేడమ్ సంగతి చెప్పాక అంకుల్‌కి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తాను కూడా.”

“ఎత్తి?”

“పెట్టేశాను. అబద్ధమాడానని ఎలా చెప్పను? సంఘంలో సగం మా ఆఫీసే.”

“రెండేళ్ళు ఈ ఇంట్లో ఉండి నా దగ్గర తెలుగంతా పట్టేశారు. బావగారూ అని నోరారా పిలుస్తారు మిమ్మల్ని. మీకు నడుం పట్టేస్తే సెంబవాంగ్ దాకా పోయి తైలం తెచ్చారు. మనిషి కాదేంటండీ?”

“ఇంక అనకు. ఇప్పుడే చేస్తాను ఫోను. జ్వరం తగ్గిందంటాను, ఇంకా టైముంది.”

“ముందు ఆ తలుపు కొట్టండి. మీ నోటితో మీరే చెప్పండి.”

“నువ్వు కూడా రా.”

“నేను రాను.”

“డూడా, ఒక్కసారి తలుపు తీస్తారా?”

“తీస్తున్నాను బావగారూ.”

“అదేంటి, తయారవలేదే?”

“లేదు. పడుకున్నాను.”

“డూడా, నా వల్ల పెద్ద తప్పు జరిగింది. పరంధామయ్య అంకుల్‌తో నేను, మీకు...”

“జ్వరం. తెలుసు. మధ్యాహ్నం మీరు బజారుకెళ్ళినప్పుడు అంకుల్ ఫోన్ చేశారు. జ్వరమని ఉదయ్‌కిరణ్ చెప్పాడు, ఎలా ఉన్నారు, మిరియాల చారు తాగండి అన్నారు. చాలా మర్యాదగా. కొంచెం తగ్గినా రండి, మీ పద్యం చివర్లో పెడతాను అన్నారు.”

“అన్నారా? అయితే పదండి, టాక్సీలో పోదాం. మీరేమన్నారు ఆయన్తో?”

“మీరు అబద్ధమాడారని నా నోటితో ఎలా చెప్పను బావగారూ? ఒళ్ళు కాలిపోతోంది అన్నాను. లిమ్ మేడమ్‌కీ అదే చెప్పాను. ఆ వేషం ఇంకొకరికి ఇచ్చేశారు.”