వెనక తలుపు గడియ

అయ్యా, నా దస్తూరీ కోడి గీతల్లా ఉంటుంది. తప్పులు కూడా ఉంటాయి. మన్నించాలి. నిన్న స్టేషన్లో అంతమంది ముందు నోరు పెగల్లేదు. రాసి ఇమ్మన్నారు కాబట్టి రాస్తున్నాను.

నా పేరు మీ కాగితాల్లో ఉంది. వయసు డెబ్బై నాలుగు. సైకిళ్ళకి పంక్చర్లు వేసేవాణ్ణి, చూపు ఆనక మానేశాను. ఇంట్లో నేను, నా భార్య. అంతే.

ఏడాదిగా ఆమెకి మతిమరుపు. వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయేది. ఒకసారి రైలు పట్టాల మీద దొరికింది. లోపల తాళం వేశాను. తాళం చూసి ఏడ్చింది. "ఏమండీ, నేనేం దొంగతనం చేశాను?" అంది. తాళం తీసేశాను. గడియ దానంతటదే బిగుసుకుపోయిందనుకుంటే ఏడవదు కదా అనిపించింది.

గడియని అతికించేద్దామంటే పంక్చరు సొల్యూషన్ ఇనుముకి ఆగదు. హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళాను. కొట్టతను, "తాతా, మళ్ళీ తీసేది ఉందా? ఉంటే ఈ చిన్న ట్యూబు చాలు, గోళ్ళరంగు తుడిచే మందు రాస్తే ఊడొస్తుంది. లేదంటే ఈ రెండు ట్యూబులూ కలిపి పెట్టు. బాగా వేడి తగిలితే తప్ప వదలదు" అన్నాడు. తీసేది లేదన్నాను. ఆ మాట అన్నది నేనే.

మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తున్నప్పుడు గడియ తుప్పు గరుకు కాగితంతో గీకి, రెండూ కలిపి పూశాను. మర్నాటికి రాయి. ఆమె రోజూ లాగి చూసేది. "బిగుసుకుందండీ, కాస్త నూనె వెయ్యకూడదూ?" అనేది. సాయంత్రం వేస్తాలే అనేవాణ్ణి. రోజూ అదే మాట. నిన్నటిది ఆమెకి గుర్తుండదు. నాకుండేది.

మంగళవారం మూడింటికి ముందు తలుపుకి బయట తాళం పెట్టి ఆమె మందులకి వెళ్ళాను. వచ్చేసరికి పొగ. ఇస్త్రీ పెట్టె బట్టల మీద వదిలేసినట్టుంది, నడిమి గది మండుతోంది. ఆమె ఆ వెనక వంటగదిలో ఉంది. ముందు నుంచి వెళ్ళలేకపోయాను. సందులోంచి వెనక్కి పరిగెత్తాను. పక్కింటి వడ్రంగి అప్పటికే అక్కడున్నాడు. ఇంకా చాలామంది ఉన్నారు.

లోపల్నుంచి, "వచ్చారా? గడియ రావట్లేదండీ" అంది.

వడ్రంగి, "పిన్నీ, గట్టిగా లాగు! బాబాయ్, నువ్వు చెప్పు, నీ మాటయితే వింటుంది" అన్నాడు.

అంతమందిలో, నేనే అతికించానని చెప్పడానికి సిగ్గేసింది. పెళ్ళాన్ని గదిలో పెట్టి మూశాడంటారని. "లాగు, వస్తుంది" అన్నాను. మళ్ళీ "లాగు, వస్తుంది" అన్నాను. ఆమె దగ్గుతూ "సరే" అంది. తర్వాత మాట లేదు.

అప్పుడు చెప్పాను, అది రాదురా, పగలగొట్టు అని. వడ్రంగి నా మొహం కేసి చూశాడు. గునపం తెచ్చి తలుపు పలకలు పగలగొట్టాడు. ఆమె గడప దగ్గరే పడి ఉంది. చీర కూడా కాలలేదు. పొగే. ప్రాణం లేదు.

వేడికి వదులుతుందన్నాడు కొట్టతను. వదల్లేదు.

మా అక్కని కావాలనే మూసేసి చంపాడని నా బావమరిది రాసిచ్చాడట. మూసేశానన్నది నిజం. మిగతాది మీరెలా రాసుకున్నా నేను కాదనను.

ఒక్కటే అడగాలి. గడియ మీ దగ్గరుంది. దానికి నూనె ఉందని మీ కానిస్టేబులు అన్నాడు. నేను ఏనాడూ వేయలేదు. ఆమే వేసింది. నూనె మీద మసి ఉందా, మసి మీద నూనె ఉందా, చూడండి. మసి పైన ఉంటే ఆ పొద్దున ఎప్పుడో వేసుకుంది. నూనె పైన ఉంటే, నేను బయట లాగు, లాగు అంటుంటే, నా మాట నమ్మి, ఆ పొగలో నూనె సీసా వెతుక్కుంది.

ఇదంతా జరిగింది జరిగినట్టే నా చేత్తో రాశాను. ఎవరూ చెప్పి రాయించలేదు. కింద సంతకం పెడుతున్నాను.

నూనె సంగతి తొందరగా జవాబు రాయండి.

(సంతకం)