ఇద్దరు చెప్పిన వార్త

ఘనాలోని ఓ చిన్న ఊళ్లో రేడియో స్టేషన్. పొద్దుటి వార్తలు కాగానే స్టేషన్ పెద్దాయన తలుపు మూసి, వార్తలు చదివిన అమ్మాయి ఎదుట కూర్చున్నాడు.

“మన రాజు నానా చనిపోయారని చదివావా?”

“చదివాను మామా. చనిపోయారు కదా.”

“రాజు చనిపోతాడా? పల్లెకు వెళ్లాడనాలి. కోట పెద్దలు చాటించేదాకా ఎవరికీ ఏమీ తెలీదు. ఇక్కడే పుట్టావు, నేను చెప్పాలా?”

“అక్రా శిక్షణలో డొంకతిరుగుడు వద్దన్నారు. ఇద్దర్ని విడివిడిగా అడిగి రూఢి చేసుకోమన్నారు. చేసుకున్నాను.”

“నిన్ను అక్కడికి పంపిన నన్ననాలి. రెండు గొర్రెలు, ఒక జిన్ను సారా సీసా తప్పు కట్టమని కోటనుంచి మనిషొచ్చాడు.”

“కడదాం.”

“అంతటితో పోతే బాగుండు. లోపలి కబురు బయటపెట్టిన ఆ ఇద్దరి పేర్లూ కావాలంట.”

“చెప్పకూడదు. అదీ నేర్పారు.”

“అబ్బో, అన్నీ నేర్పారే. చెప్పకపోతే స్టేషన్ మూయిస్తారు. ఇక్కడ పదిమంది బతుకుతున్నారు. ఎవరు వాళ్లు?”

“ఒకాయన పేరు చచ్చినా చెప్పను. రెండో ఆయన సరేనంటే చెప్తాను.”

“ఆయన్నే అడుగు మరి.”

“అడుగుతున్నాను మామా. ఆదివారం మీరే కోటనుంచి వచ్చి, నా పక్కన కెంకే తింటూ, నానా ఇక లేరమ్మా అన్నారు.”

“తింటూ అన్న మాట వార్త ఎలా అవుతుంది?”

“కళ్లు తుడుచుకున్నారు. అందుకే నమ్మాను.”

ఆయన లేచి, తలుపు సరిగా పడిందో లేదో చూసొచ్చాడు.

“పేర్లు చెప్పకూడదన్నారా?”

“ఎవరడిగినా.”

“బాగానే నేర్పారు. గొర్రెలు చూడు, పద.”