రెండో పార

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అన్నాడు చెంచురామయ్య, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. "అడిగితే తప్ప చెప్పను. అడిగినారా లేదా?"

ఎవరూ అడగలేదు. కొడవలూరు దగ్గర మా ఊరి కాలవ గట్టున, హజరత్తయ్య టీ అంగడి ముందు ముప్పై మందిమి కూర్చుని ఉన్నాం. అందరి పక్కనా పారలు, తట్టలు. అరవై ఒకటో సంవత్సరం, కుడిమరామత్తు రోజు. అంటే ఇంటికొక మనిషి వచ్చి పిల్లకాలవలో పూడిక తీయాల్సిన రోజు. మధ్యాహ్నం పన్నెండింటికి లస్కరు తూము తలుపు ఎత్తుతాడు. ఆలోగా తుంగా మట్టీ తీయకపోతే నీళ్ళు సగం దారిలోనే గట్టు పొర్లిపోతాయి, చివరి చేలకు చేరవు. తొమ్మిదవుతున్నా ఒక్కరూ కాలవలో దిగలేదు. తూము పక్కన చేనున్న పెద్దాయన మొదటి పార వేయాలని మా ఊరి ఆచారం. ఆయన పెళ్ళికని కోవూరు వెళ్ళాడు. ఆయన లేకుండా మొదలు పెట్టవచ్చో లేదో ఎవరికీ తెలియదు. పక్కవాడికి తెలుసేమోనని ప్రతివాడూ పక్కవాడి మొహం చూస్తున్నాడు.

కాలవకు చిట్టచివర మగ్దలీనమ్మది ఎకరా నేల. భర్త పోయి రెండేళ్ళయింది. మొలగొలుకుల నారు పోసింది, వారం నుంచి మడిలో తడి లేదు. "ఈ పొద్దు నీళ్ళు రాకుంటే నారు ఎండిపోతాది," అని అప్పటికే రెండుసార్లు అంది. అందరూ పాపమన్నట్టు తలలు ఊపారు. ఆమె కూడా పార ఒళ్ళో పెట్టుకుని, కొంచెం ఎడంగా, కూర్చునే ఉంది.

"అడిగినట్టే అనుకోన్నా," అన్నాడు హెబ్రోను. చెంచురామయ్య కథలంటే అతనికి ఇష్టం. నిజానికి మాకందరికీ ఇష్టమే.

"అయితే వినండి. మూడేండ్ల కిందట, కోవూరవతల మా పిచ్చమ్మ పుట్టింటి ఊళ్ళో, ఇదే పని. గట్టు మీద నూరు మంది, నూరు పారలు. ఒక్కడన్నా దిగడే! నేను అల్లుణ్ణి గదా, మర్యాదగా కూర్చున్నా. కూర్చుని చూస్తా ఉంటే నాకొకటి తట్టింది. మనిషి ఒంటరిగా ఉంటే పని చూస్తాడు. నలుగురుంటే ఆ నలుగుర్నీ చూస్తాడు. నూరు మందుంటే, ఇంతమందిలో నేనొక్కణ్ణి దిగకపోతే ఏంలే అనుకుంటాడు. నూరు మందీ అట్టనే అనుకుంటే అక్కడ ఎందరున్నట్టు?"

"ఒక్కరూ లేనట్టే," అన్నాడు హజరత్తయ్య పాలు కలబెడుతూ.

"అదీ! నేను లేచినా. పంచె ఎగ్గట్టినా. దిగి ఒక్క పార మట్టి ఎత్తి గట్టు మీద వేసినా. అప్పుడేమైందో తెలుసా?"

"అందరూ దిగినారు."

"నవ్వినారబ్బయా! ఒక్కడు తవ్వితే పిచ్చోడు. అల్లుడికి ఎండదెబ్బ తగిలిందని ఇంట్లో నుంచి మజ్జిగ కూడా పంపించినారు. నేను తాగి, మా బావమరుదులిద్దరికీ కన్ను గీటినా. వాళ్ళు దిగినారు. ముగ్గురు తవ్వుతా ఉంటే అది పిచ్చి కాదు, పని. నాలుగోవాడు ఏందా అని తొంగి చూసి దిగినాడు. పది మంది దిగినాక గట్టు మీదోళ్ళకి సిగ్గు పట్టుకునింది. కప్పలు దూకినట్టు దూకినారు."

ఇంతవరకూ నమ్మవచ్చు. మేం నమ్మాం కూడా.

"అక్కడితో ఆగితే నేను చెంచురామయ్యని ఎట్టయితా? ఇటుపక్క యాభై మందికి ఎర్ర తువాళ్ళు కట్టించినా, అటుపక్కోళ్ళకి తెల్లవి. చుట్టరికం లేదు, పగ లేదు, ఎవడు ఏ పక్క నిలబడి ఉంటే ఆ రంగు. గంట గడిచిందో లేదో, ఎర్రోడు తెల్లోడికి చుట్టకి నిప్పియ్యలా. అన్నదమ్ములకి మాటల్లేవు. మా అత్త ఎర్రోళ్ళకి ముందు సంగటి పెట్టిందని, తెల్లోళ్ళల్లో ఉన్న మా మామ ఆమె చేతి కూడే మానేసినాడు!"

"తువాలుకేనా?" అన్నాడు హెబ్రోను.

"తువాలుకే! ఎర్రోళ్ళు పది తట్టలెత్తితే తెల్లోళ్ళు ఇరవై. ఎత్తిన మట్టి కొండయింది. నాలుగు మైళ్ళ కాలవ ఒక పూటలో ఐపాయె. ఆ కొండెక్కి చూస్తే కృష్ణపట్నం పడవల తెరచాపలకి ఎన్ని మాసికలు వేసినారో లెక్కపెట్టొచ్చు."

ఆ కాలవను తర్వాత నేను చూశాను. మైలుకు కొంచెం తక్కువే. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, అంతే.

"ఆ కొండ ఇప్పుడు ఏదన్నా?" అన్నాడు హజరత్తయ్య.

"వానకి కరిగిపోయింది. మధ్యలో అడ్డం రావాకు. పక్కనే రైలు కట్ట. మద్రాసు మెయిలు వస్తా ఉంది. ఇంతమంది వంగి తవ్వుతా ఉంటే చూసినోడు ఊరుకోగలడా? డ్రైవరు బండి ఆపి, బొగ్గు పార తీసుకుని దిగినాడు. గార్డు చేతిలో ఎర్ర జెండా చూసి, మావోడేనని ఎర్రోళ్ళు ఎత్తుకుపోయినారు. పెట్టెల్లో జనమంతా దిగినారు. టిక్కెట్టు లేనోళ్ళు సైతం దిగినారు. ఒక జమీందారిణి వెండి గరిటతో తవ్వింది. ఏంటికి తవ్వుతున్నావమ్మా అని అడిగితే, అందరూ తవ్వుతుంటే నేను తవ్వకపోతే బాగుంటుందా నాయనా అనింది!"

గట్టంతా గొల్లుమంది. ముప్పై మందిమి ఆయన చుట్టూ ఇంకాస్త దగ్గరగా జరిగాం.

"కాలవ ఊరు దాటింది. సముద్రం దాకా పోయింది. ఇంకో పూట తవ్వితే సింహళమోళ్ళు పెన్న నీళ్ళతో మడి తడుపుకునేవాళ్ళు. నడుములు విరిగిపోతా ఉండాయి, చాలించాలని అందరికీ ఉంది. కానీ ముందు ఎవడు చాలిస్తాడు? ముందు చాలించినోడు సోంబేరి. మళ్ళీ నేనే పూనుకున్నా. ఏం చేసినానో తెలుసా? గట్టెక్కి, అందరికీ కనబడేట్టు నిలబడి, ఒక్క ఆవులింత ఆవులించినా."

"ఆవులింతా?"

"ఇట్ట!" అని చెంచురామయ్య చేతులు రెండూ పైకి చాచి, కొండనాలుక కనబడేలా నోరు తెరిచి, నిదానంగా ఆవులించాడు. "అది ఎర్రోళ్ళకి పాకింది, తెల్లోళ్ళకి పాకింది, పారలు జారిపోయినాయి. మెయిలెక్కి మద్రాసు పోయింది. ఇటు నెల్లూరు కోర్టులో ముద్దాయి, వకీలు, జడ్జిగారు వరసగా ఆవులించి వాయిదా వేసుకున్నారు. బిట్రగుంట షెడ్డులో ఇంజన్లు నోళ్ళు తెరిచినాయి. దేశమంతా తిరిగి మూడోనాడు కార్డు ముక్క మీద నాకే తిరిగొచ్చింది. పోస్టుమాను ఆవులించుకుంటా ఇచ్చిపోయినాడు!"

అప్పటికి హెబ్రోను ఆవులించాడు. నేను ఆవులించాను. గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా ముప్పై నోళ్ళూ తెరుచుకున్నాయి. హజరత్తయ్య ఆవులింతలో ఉండగా పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. ఆ మనిషి ముందు ఎవరైనా అంతే. మాటతో ముప్పై మంది దవడలు కదిలించగలవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మగ్దలీనమ్మ ఒక్కతే ఆవులించలేదు. పార పట్టుకుని లేచి నిలబడింది.

"చెంచురామయ్యన్నా, ఆ దినం నేను ఆ ఊరికి కూలికొచ్చి ఉండా. పక్క మడిలోనే ఉండా."

చెంచురామయ్య తెరిచిన నోరు మూశాడు.

"రైలు నేను చూళ్ళేదులే. వచ్చిందేమో. కానీ మొదట దిగింది నువ్వు కాదు, పిచ్చమ్మక్క. పుట్టింటోళ్ళ చేను ఎండిపోతా ఉందని చీర చెక్కుకుని దిగింది. నువ్వు గట్టు మీద చుట్ట కాల్చుకుంటా ఉండావు. నువ్వు రెండోవాడివి."

ఇప్పుడు మా నవ్వుకు అంగడి పందిరి ఊగింది. "కొండ కరిగె!" అన్నాడు హజరత్తయ్య. "ఆవులింత అన్నా నీదేనా, అదీ అక్కదేనా?" అన్నాడు హెబ్రోను.

చెంచురామయ్య మా నవ్వు ఆగనిచ్చాడు. "రెండోవాణ్ణే," అన్నాడు. ఆయన ఒక మాట తగ్గించి చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. "దాన్ని చూసి నూరు మంది నవ్వినారు. వాళ్ళ అన్నదమ్ములు సైతం నవ్వినారు. నేను కూడా నవ్వబోయినా. అది ఒకసారి తలెత్తి నా వంక చూసింది. ఇంక కూర్చోలేకపోయినా. రెండో మనిషి దిగితే గదా, మొదటి మనిషిది పిచ్చి కాకుండా పోయేది."



"అయితే ఇదో," అంది మగ్దలీనమ్మ. పెద్దాయన పార వేయాల్సిన చోటే, తూము పక్కనే, కాలవలో దిగింది. ఒక పార మట్టి ఎత్తి గట్టు మీద వేసింది.

"చివరి చేనోళ్ళు మొదట దిగడం ఎక్కడన్నా ఉందా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరో నవ్వారు. ఇంకొకరు ఆ నవ్వు అందుకోబోయారు. మగ్దలీనమ్మ తల వంచుకుని రెండో పార మట్టి తీస్తోంది. ఆమె మెడ ఎర్రబడడం నాకు కనబడింది. అయినా నేను లేవలేదు.

చెంచురామయ్య లేచాడు. ఆయన పార తెచ్చుకోలేదు. పొయ్యి దగ్గర బొగ్గులు ఎత్తే చిన్న పార ఉంటే లాక్కున్నాడు. హజరత్తయ్య "అన్నా, అది నాది!" అంటుండగానే దూకాడు. మోకాలి లోతు తుంగలో నిలబడి, గరిట కన్నా కాస్త పెద్దదైన ఆ పారతో ఇంత మట్టి తీసి గట్టు మీద పెట్టాడు. నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు.

తర్వాత హెబ్రోను దిగాడు. తర్వాత చకచకా అందరూ.

లస్కరు తలుపు ఎత్తేటప్పటికి కాలవ సిద్ధంగా ఉంది. మూడు దాటాక మగ్దలీనమ్మ నారుమడిలో చీలమండ లోతు నీళ్ళు నిలిచాయి. మర్నాడు కోవూరు నుంచి తిరిగొచ్చిన పెద్దాయనకు, మీరు లేకుండానే పార వేశాం అని భయపడుతూ చెప్పాం. "నా కోసం ఆగమని ఎవరన్నారు?" అని ఆయన ఆశ్చర్యపోయాడు.

వారం తిరక్కుండా హజరత్తయ్య అంగడిలో ఆ బొగ్గు పార ఏనుగంత అయింది. కానీ ఎన్నిసార్లు చెప్పినా, మొదట దిగింది మగ్దలీనమ్మే అని చెప్పేవాడు చెంచురామయ్య. పిచ్చమ్మ కథలోనూ ఆ ఒక్కటి దిద్దుకున్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత, ఈ ఊరెరగని మా పిల్లలకు దూరదేశంలో ఇదంతా చెబుతూ, "నాలుగోవాణ్ణి నేనే," అన్నాను. వాళ్ళు నన్ను ఎంతో గొప్పగా చూశారు. మర్నాడు పొద్దున బడికి వెళ్ళబోతుంటే ఇద్దరినీ గుమ్మంలో ఆపి ఆ మాట దిద్దుకున్నాను. తొమ్మిదోవాణ్ణి.