లెవెలమ్మగారు, పదహారు సెంటీమీటర్లు

పందొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం, ఆగస్టు రెండవ తేదీ, సోమవారం ఉదయం, పదింటికి ఇంకా పది నిమిషాలుండగా, ఒక చేతిలో నియామకపు ఉత్తర్వు, మరొక చేతిలో టిఫిను డబ్బా పట్టుకుని మన పరిశోధన సంస్థ మెట్లెక్కిన ఇరవై ఎనిమిదేళ్ల యువతి, ఈ నెల ముప్ఫై ఒకటవ తేదీ సాయంత్రం, ముప్ఫై రెండేళ్లకు సరిగ్గా ఒక్కరోజు తక్కువగా, ముఖ్య పరిశోధనాధికారిగా ఆ మెట్లు దిగి వెళ్లనున్నారు. వరద వచ్చినా మునగని ఇళ్లు, నిప్పంటుకున్నా జనం బయటపడగలిగే వీధులు ఎలా ఉండాలో శోధించి చెప్పడమే ధర్మంగా పెట్టుకున్న మన సంస్థకు ఆవిడ చేసిన సేవను కీర్తించే భాగ్యం, సంచిక సంపాదకుడన్న హోదాలో, ఈ వ్యాసకర్తకు దక్కింది. కీర్తన జూన్ నెలలోనే పూర్తయింది. అందులో ‘ఒక్క పొరపాటైనా ఎరుగని’ అన్న మాట మూడు చోట్ల ఉండేది. ఆ మూడు చోట్లా ఇప్పుడు ఆ మాట లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ వ్యాసాన్ని మళ్లీ రాయవలసి వచ్చింది.

ఆవిడను అందరూ లెవెలమ్మగారనే పిలుస్తారు. చేరిన వారంలోనే ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రాన్ని జీపు వెనక సీట్లో పడేయనివ్వక, దారి పొడుగునా చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నందుకు మన పాత డ్రైవరు పెట్టిన పేరది. మొదట చాటున అన్నారు, తర్వాత ఎదుటే అన్నారు, ఒకసారి డైరెక్టరుగారు ఫైలు మీద కూడా అలాగే రాసేసి, నాలుక కరుచుకుని కొట్టివేశారు.

ఆవిడ చేతుల మీదుగా జరిగిన మొట్టమొదటి పని, కాలువ పక్క కాలనీలోని కమ్యూనిటీ హాలు మెట్టులో ఒక ఇత్తడి బిళ్ళను పాతడం. సముద్రమట్టానికి ఆ బిళ్ళ ఎంత ఎత్తున ఉందో లెక్క తేల్చి రిజిస్టరులో నమోదు చేస్తారు. ఆ చుట్టుపక్కల ఏ ఇంటి గడప ఎంత ఎత్తులో ఉందో తెలుసుకోవాలంటే ఆ బిళ్ళ నుంచే కొలుచుకుంటూ పోవాలి. హాలుకు ఎదురుగా ఉన్న పంపుహౌసు గోడకు, బిళ్ళ కన్నా ఒక మీటరు ఇరవై సెంటీమీటర్లు ఎత్తున, ఒక ఇనుప మేకును కూడా ఆనాడే కొట్టారు. ఎప్పుడైనా అనుమానం వస్తే సరిచూసుకోవడానికి అది రెండో సాక్షి.

తొంభై ఎనిమిదిలో కాలువ పొంగి ఆ కాలనీని ముంచెత్తినప్పుడు, నీళ్లు తీసిన మర్నాడే టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినది ఆవిడే. “మోకాళ్ల దాకా వచ్చాయండీ” అని ఎవరన్నా అంటే చాలు, “ఎవరి మోకాళ్లండీ?” అని అడిగి, ఆ మనిషిని నిలబెట్టి నేల నుంచి మోకాలి దాకా కొలిచి రాసుకునేవారు. ఒక ఇంట్లో ఆసామి గంభీరంగా నిలబడి “నా నడుం దాకా వచ్చాయి, రాసుకోండి” అన్నాడు. కొలత తీస్తుండగా వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది: “అది నా నడుమండీ! నీళ్లొచ్చినప్పుడు ఆయన అటకెక్కి కూర్చున్నారు.” లెవెలమ్మగారు నవ్వలేదు. ఆయన కొలత కొట్టేసి, ఇల్లాలిని పిలిచి మళ్లీ కొలిచారు. జీపెక్కాక మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారని డ్రైవరు చెప్పేవాడు. అలా జనం మోకాళ్లూ నడుములూ లెక్కించి ఆవిడ గీసిన వరద రేఖ మీదే ఆ కాలనీ భద్రత అంతా నేటికీ ఆధారపడి ఉంది.

రెండు వేల ఆరులో ఆవిడ వెలువరించిన నివేదిక మరింత పేరు తెచ్చింది. ఆపదవేళ పెద్దవయసువారు హాలులోకి చేరడానికి ఎంత సమయం పడుతున్నదో గడియారం పెట్టి లెక్కించి, అడ్డంకి వారి కాళ్లలో కాదు, హాలు ముందున్న నిట్టనిలువు మెట్లలో ఉందని తేల్చి, మెట్ల ఎత్తు తగ్గించి వాలుదారి కట్టమని సిఫారసు చేశారు. మూడేళ్ల తర్వాత ఆ సిఫారసును అక్షరాలా పాటించారు. రెండు వేల పన్నెండులో, కాలనీ విస్తరించాక, రెండు వందల పన్నెండు ఇళ్ల గడపలనూ కొత్తగా కొలిచి, వరద రేఖకు పైన ఉన్న ఇళ్లకు ‘నీళ్లొచ్చినా ఇంట్లోనే ఉండవచ్చు’ అన్న పచ్చరంగు కాగితాన్ని ఆవిడే దగ్గరుండి తలుపులకు అంటింపజేశారు. ఆ పచ్చరంగు చూసి ఇళ్లు కొనుక్కున్నవారున్నారు. ఐదేళ్ల కిందట ఎగువ వీధిలో ఇల్లు కొని, వయసు మళ్లిన తల్లిని తెచ్చుకుని కాపురముంటున్న ఈ వ్యాసకర్త వారిలో ఒకడు.

ఇంతవరకూ పాత ప్రతిలో ఉన్నదే. ఇక కొత్తది.

ఈ జూలై పద్నాలుగున, సంచిక ముఖచిత్రం కోసం, లెవెలమ్మగారిని ఆవిడ తొలి బిళ్ళ దగ్గర యంత్రంతో నిలబెట్టి ఫొటో తీయించాలన్న ఆలోచన వ్యాసకర్తదే. పక్కన కొలతకర్ర పట్టుకుని నిలబడ్డదీ అతనే. ఫొటోగ్రాఫరు తొందరపడుతున్నాడు.

“మేడమ్, ఊరికే చూస్తున్నట్టు పెట్టండి చాలు.”

“ఊరికే చూడటం నాకు రాదు నాయనా. చూస్తే కొలత తీయాల్సిందే.”

తీశారు. బిళ్ళ మీద ఒకటి, ఎదురుగోడ మేకు మీద ఒకటి. పుస్తకంలో వేసుకున్నారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ తీశారు. యంత్రాన్ని రెండడుగులు జరిపి మూడోసారి తీశారు. ఒక మీటరు ఇరవై ఉండవలసిన తేడా మూడుసార్లూ ఒక మీటరు ముప్ఫై ఆరే వచ్చింది. ముప్ఫై రెండేళ్లలో ఏనాడూ ఎవరి ముందూ తొణకని ఆ మనిషి, నడివీధిలో, హాలు వాలుదారి మీద కూలబడిపోవడం వ్యాసకర్త కళ్లారా చూశాడు. మేకు పైకి ఎగబాకదు. కాబట్టి బిళ్ళే కిందికి దిగి ఉండాలి.

వీధి అవతల అరుగు మీద కూర్చున్న ముసలి తాపీమేస్త్రి, హడావిడి చూసి, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. వాలుదారి కట్టింది తనేనని చెప్పుకున్నాడు.

“ఆ బిళ్ళ పారేయమన్నారమ్మా అప్పుడు. గవర్నమెంటు బిళ్ళ, పారేస్తే పాపమని నేనే దాచి, పని అయ్యాక మళ్లీ అదే చోట కూర్చోబెట్టా. దారం కట్టి చూశా. అటు వెంట్రుకంత జరగలా, ఇటు వెంట్రుకంత జరగలా.”

“మరి మెట్టు?” అన్నారు లెవెలమ్మగారు.

“మెట్టు తీసేశాంగా! మీవాళ్ల కాగితంలో అలాగే ఉందన్నారు.”

అటూ ఇటూ వెంట్రుకవాసి జరగని బిళ్ళ, కిందికి మాత్రం ఒక మెట్టు దిగింది. మెట్టు తీయించింది ఆవిడ సిఫారసే. ఆ పెద్దాయన మెప్పు కోసం ఆవిడ ముఖంలోకి చూస్తున్నాడు. “చాలా జాగ్రత్తగా చేశావు పెద్దాయనా” అన్నారావిడ, అని తల తిప్పుకున్నారు.

పన్నెండులో కొలిచినప్పుడు ఈ తప్పు ఎందుకు బయటపడలేదన్న ప్రశ్నకు ఆవిడ ఎవరినీ అడ్డం పెట్టుకోలేదు. ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టిన కొలత ఇంకో గుర్తు దగ్గర ముగించాలని మనందరికీ నేర్పింది ఆవిడే. ఆ ఏడు పంపుహౌసు చుట్టూ రోడ్డు పనులకు రేకులు కట్టి మేకు కనబడకపోతే, తాను పాతిన బిళ్ళే కదా అన్న ధీమాతో, బయలుదేరిన బిళ్ళకే తిరిగివచ్చి ముగించారు. లెక్క అద్దంలా సరిపోయింది. కిందికి దిగిన బిళ్ళతో మొదలై దానితోనే ముగిసిన లెక్క సరిపోక ఏం చేస్తుంది? ఫలితంగా ప్రతి గడపా ఉన్న ఎత్తు కన్నా పదహారు సెంటీమీటర్లు ఎక్కువగా నమోదయింది. మర్నాడు కాలువ అవతలి గుర్తు నుంచి కూడా కొలిచి నిర్ధారించుకుని, ఆ పదహారునూ తీసేసి చూస్తే, పచ్చరంగున్న ఇళ్లలో నలభై ఒకటి వరద రేఖకు దిగువనే తేలాయి. వరదొస్తే ఆ ఇళ్లవాళ్లు కదలరు. కదలవద్దని మనమే చెప్పాం.

డైరెక్టరుగారు నిర్ఘాంతపోయారు. ఆయన మంచికోరే మాట్లాడారు.

“పదిహేను రోజులే కదమ్మా మీకున్నది. సవరణకు కమిటీ వెయ్యాలి, దానికి మూడు నెలలు పడుతుంది. మీ తర్వాత వచ్చేవారు చూసుకుంటారు. ఇన్నేళ్లు మచ్చ లేకుండా వచ్చారు, ఆఖర్న మీ పేరెందుకు బజారున పెట్టుకోవడం?”

“ఈ మూడు నెలల్లో వాన పడదని మీరు రాసిస్తారా సార్?”

అప్పుడు, ఆ గదిలో ఉన్న మూడో మనిషి కూడా నోరు విప్పాడు. “డైరెక్టరుగారు చెప్పింది నిజమే మేడమ్. సంచిక ప్రెస్సుకు వెళ్తోంది. సన్మానం కానివ్వండి, తర్వాత చూద్దాం.” ఆ మాట అన్నది ఈ వ్యాసకర్త. తనది ఎగువ వీధి కనుక ఆ నలభై ఒకటిలో తన ఇల్లుంటుందని అతనికి తోచనే లేదు. ఇంటికి వెళ్లాక ఈ సంగతి భార్యకు గానీ తల్లికి గానీ చెప్పనూ లేదు. లెవెలమ్మగారు అతని వంక ఒక్క క్షణం చూసి, ఆ ఇళ్ల జాబితా మడిచి సంచిలో పెట్టుకుని, డైరెక్టరుగారి బల్ల మీద ఒక కాగితం పెట్టారు. తప్పు తనదేనని, ఆ ఇళ్లకు తానే వెళ్లి చెబుతానని అందులో ఉంది. అనుమతి కోరుతున్నట్టు ఎక్కడా లేదు.

గురువారం నుంచి తిరగడం మొదలుపెట్టారు. మొదటి ఇల్లు ఒక కుట్టుపని చేసే ఆమెది. పచ్చకాగితానికి అద్దం కట్టించి మరీ గోడకు తగిలించుకుందట. విషయం విని ఆమె కుట్టుమిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

“పదమూడేళ్లు ఎంత వాన కురిసినా నిశ్చింతగా పడుకున్నామే! అదంతా ఉత్త అదృష్టమా?”

“అవునమ్మా. అదృష్టమే. తప్పు నాది.”

ఆమె తిట్టింది. వీధిలో వాళ్లు గుమిగూడి వినేలా తిట్టింది. లెవెలమ్మగారు అంతా విని, నీళ్లు ఎంతవరకు రావచ్చో గోడ మీద గీత గీసి, వాన ఎంత పడితే ఎప్పుడు బయలుదేరాలో, ఏ దారిన వెళ్లాలో చెప్పి, తర్వాతి ఇంటికి వెళ్లారు. ఇవన్నీ ఆవిడ చెప్పినవి కావు. వెంట వెళ్లిన డ్రైవరు చెప్పాడు.

ఆదివారం ఉదయం వ్యాసకర్త ఈ సంచిక ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. తలుపు చప్పుడైతే తీశాడు. గడపలో లెవెలమ్మగారు. ఫొటోల గురించి వచ్చారనుకుని లోపలికి రమ్మన్నాడు. ఆవిడ ఏ గృహస్థుతో మాట్లాడినట్టే అతనితోనూ మాట్లాడారు.

“మీ గడప వరద రేఖకు నాలుగు సెంటీమీటర్ల కింద ఉందండీ. పచ్చకాగితం తప్పు. నేనే అంటింపజేశాను.”

లోపలి గదిలో, నేలకు జానెడెత్తు నవారు మంచం మీద, తనంతట తాను లేవలేని తల్లి. చేతిలో ప్రూఫులు. ఎక్కడలేని కోపమూ వచ్చింది.

“నాలుగు రోజులుగా తిరుగుతున్నారటగా! మా ఇంటికి ముందే ఎందుకు రాలేదు మేడమ్?”

“లోతు ఎక్కువున్న ఇళ్ల నుంచి మొదలుపెట్టాను. మీది ఇరవై ఏడోది.”

వెనక నిలబడి విన్న అతని భార్య ముఖం పాలిపోయింది. “ఆఫీసులో మీకు తెలియదా ఈ సంగతి?” అని అడిగింది. అతనికి తల కొట్టేసినట్టయింది. ఆగమన్నది తనేనని చెప్పక తప్పలేదు. అతన్ని కాపాడే మాట ఒక్కటైనా అనగలిగిన లెవెలమ్మగారు అనలేదు, ఎత్తిపొడిచే మాటా అనలేదు. గోడ మీద గీత గీశారు.

“ఎవర్రా వచ్చింది? కూర్చోమను” అంది లోపలి నుంచి తల్లి.

“కూర్చోనమ్మా, ఇంకా పద్నాలుగు ఇళ్లున్నాయి” అని, లోపలికి వెళ్లి ఆ మంచం ఎత్తు కొలిచి, పెద్దావిడ పక్కన వంగి విషయమంతా తీరిగ్గా చెప్పి మరీ వెళ్లారు.

ఆ సాయంత్రమే మంచం కాళ్ల కింద రెండు వరుసల ఇటుకలు పెట్టారు. మంగళవారానికి నలభై ఒక్క ఇళ్లూ పూర్తయ్యాయి. ఆవిడ కోరిక మేరకు, సన్మానగ్రహీత ఛాయాచిత్రం ఉండవలసిన మధ్య పేజీలో సవరించిన పటాన్ని, ఆ ఇళ్ల జాబితాను ముద్రిస్తున్నాం. ఇరవై ఏడో సంఖ్య కూడా అందులో ఉంది. ముప్ఫై రెండేళ్లు పక్క గదిలో ఉన్న మనిషిని ఎరిగినట్టే అనుకుని, ఆవిడ గొప్పతనానికి మాటలు వెతుక్కున్న ఈ వ్యాసకర్తకు, ఆ మనిషిని చూసింది ఈ జూలైలోనే అని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

లెవెలమ్మగారికి సంపూర్ణారోగ్యం, కంటికి చూపు, కాళ్లకు సత్తువ, కుటుంబంతో సుఖశాంతులు తరగక, నిండు నూరేళ్ల ఆయుష్షు సిద్ధించాలని సహోద్యోగులందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాం. ఈ వాక్యం చదివి వినిపించినప్పుడు, ఇటుకల మీది మంచంలో పడుకున్న వ్యాసకర్త తల్లి ఇలా అంది: “నా మాటగా కూడా రాయి. ఆ పిల్లని చల్లగా ఉండమన్నానని రాయి. నీళ్లొస్తాయని తెలిసీ నువ్వు ఇంట్లో చెప్పలేదని, అది కూడా రాయి.”

రెండూ రాయడమైనది.