గడియారం ముందు ఏడు

చెక్ దేశపు బ్ర్నో నగరంలో, ఓ పబ్‌లో ఆ సాయంత్రం తేలాల్సింది ఒక్కటే: ప్రింటర్లను నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని ఇకమీదట ఎవరు చూసుకోవాలి? ఇవ్వాల్సింది జట్టుకి పెద్ద లిబుషెగారు. దానికోసం తహతహలాడుతున్నది రదోవన్. అందుకని తను చూసుకునే గడియారం ప్యాకేజీని ఒకసారి ఎలా గట్టెక్కించాడో మెల్లిగా మొదలుపెట్టాడు.

చిక్కేమిటంటే, ఆ గడియారం రాసినాయన ఏళ్ల తరబడి సంవత్సరాన్నే వెర్షన్ అంకెగా వేస్తూ వచ్చాడు, 2018 అనీ 2019 అనీ. ఓ రోజు బుద్ధి మారి కొత్తదానికి 1.0 అన్నాడు. కంప్యూటరు లెక్కలో పెద్ద అంకె ఉన్నదే కొత్తది. రెండు వేల పంతొమ్మిది ముందు ఒకటి ఎంత? పాతదనుకుని తోసేసింది. దీనికి మందు, అన్నిటికంటే ముందు ఇంకో అంకె వేసి రెండు చుక్కలు పెట్టడం, 1:1.0 అన్నట్టు. కంప్యూటరు మొదట దాన్నే చూస్తుంది. కాకపోతే ఒకసారి వేశాక తీయడానికి లేదు, తగ్గించడానికీ లేదు. ఆ వేయడంలో పొరపాటు పడితే, దిద్దడానికి ఇంకొకటి పెంచాల్సిందే. అందుకే ఆ పనివాళ్లు దాని జోలికి పోవాలంటే జంకుతారు.

"నేను జంకలేదు," అన్నాడు రదోవన్. "ఒక్క వేలితో ఒకటి కొట్టాను. రెండో చేతిలో గ్లాసు, నురగ కూడా కదల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

గంటలో, బ్ర్నో చుట్టూ ఉన్న మొరావియా అంతటా గడియారాలు సర్దుకున్నాయట. రొట్టెల బట్టీలు వాటంతటవే వెలిగాయట. దక్షిణ ధ్రువంలో పెంగ్విన్లు వరస కట్టి టైము చూసుకున్నాయట. ఆకాశంలో దారి తప్పిన ఉపగ్రహం ఒకటి బ్ర్నో మీదికొచ్చి, రదోవన్‌కి రెండుసార్లు కన్నుకొట్టి పోయిందట.

"రెండుసార్లెందుకూ?" నూనెలో ఊరిన చీజ్ నములుతూ అడిగింది క్వేతా. ఆమెదీ అదే జట్టు.

"మొదటిసారి నేను చూడలేదు."

లిబుషెగారు నవ్వలేదు. కళ్లద్దాలు సర్దుకుని, ల్యాప్‌టాప్ తెరిచి, తీరిగ్గా చూశారు.

"రదోవన్ నాయనా, ఒకటి కొట్టానన్నావు. ఇక్కడ గడియారం ముందు ఏడుందేమిటి?"

గ్లాసులో నురగ అప్పుడు కదిలింది. గట్టిగా నిలబడాలని వేశానండీ అన్నాడతను, బల్లకేసి చూస్తూ.

"ప్రింటర్ల ప్యాకేజీకి పదిహేనేళ్లుగా ముందు ఏ అంకే లేదు. అలాగే ఉండనీ," అంటూ ఆవిడ ల్యాప్‌టాప్‌ను క్వేతా వైపు తిప్పారు.