ఫోన్ మోగాలని

అయ్యో, తప్పంతా ఆయన మీదకు తోస్తారేంటి మేడమ్! రాసింది నేను. సరేనన్న పాపానికి ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారా? ఇదెక్కడి న్యాయం?

మీరు హెచ్ఆర్, మీకీ గొడవ తెలీదు, చెప్తా వినండి. మన బస్సు టికెట్ల సైటుకి వచ్చేవాళ్ళని ఏ సర్వర్ ఖాళీగా ఉంటే దాని దగ్గరికి పంపేది లోడ్ బ్యాలెన్సర్. దాన్ని ఎవరూ చేత్తో బిగించరు. ఎలా ఉండాలో నేను ఫైల్లో కోడ్ రాస్తాను, మాస్టారు చదివి సరే అంటారు, అప్పుడు అదంతట అదే తయారవుతుంది. మాస్టారంటే మా సీనియరే. తప్పులు దిద్దీ దిద్దీ ఆ పేరొచ్చింది.

ఆ బ్యాలెన్సరుందే, అది మధ్యమధ్యలో సర్వర్లని 'ఉన్నావా?' అని పలకరిస్తుంది. ఆ పలకరించే చిరునామా తప్పు రాశాను. సర్వర్లన్నీ నిక్షేపంగా ఉన్నాయండీ! ఇది మాత్రం ఎవరూ లేరనుకుని వచ్చినవాళ్ళందర్నీ వెనక్కి పంపేసింది. మొన్న పొద్దున్నంతా ఒక్క టికెట్ తెగలేదు.

ఏంటీ, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయంటారా?

పొరపాటు కాదు మేడమ్. కావాలనే రాశాను.

అలా చూడకండి. ఇంటి నుంచే పని అన్నాక, గదిలో నేనూ, కుక్కరూ. కుక్కరన్నా నయం, కూస్తుంది. మీటింగుల్లో అందరూ కెమెరాలు ఆపేసుకుంటారు. చేరిన కొత్తలో నిజంగానే ఒక అంకె తప్పు రాస్తే మాస్టారు ఫోన్ చేశారు. "ఏం తల్లీ, బుర్ర ఎక్కడ పెట్టావ్? అసలు అన్నం తిన్నావా?" అని. ఆ గదిలో ఉంటున్నప్పట్నుంచీ నన్ను ఆ మాట అడిగింది ఆయనొక్కరే. రాసిందంతా సరిగ్గా ఉంటే మాత్రం ఫోన్ ఉండదు. సరేనని ఒక టిక్కు పెడతారు, అంతే.

ఇంకేం చేయను? అప్పుడప్పుడూ ఓ చిన్న తప్పు పెట్టేదాన్ని. ఆయన కంటపడకుండా ఒక్కటీ దాటలేదు.

ఈసారి ఆయనకి కంటి ఆపరేషన్ అయిందట. నాకేం తెలుసు? నా పని ఆగిపోతుందని, కట్టుతో పడుకునే, చూడకుండా వాళ్ళమ్మాయి చేత టిక్కు పెట్టించేశారు.

నిన్న ఫోన్ చేశారు. "తప్పు నాదేనని చెప్పేశాను, నువ్వు నోరు మెదపకు తల్లీ" అన్నారు. తర్వాత, తిన్నావా అని అడిగారు.

నన్ను తీసేయండి. ఆయన్ని మాత్రం ఉండనివ్వండి.

ఇంకోటి... ఇదీ రాసుకోండి. బస్సుల దగ్గర అంతమంది నానా తిప్పలూ పడి ఇంకా తేరుకోలేదు. అయినా నిన్న ఆ ఫోన్ మోగితే నాకు సంతోషమేసింది మేడమ్.